అందరికీ జానెడు

రాళ్ళగెడ్డ బాలికా సదనంలో అన్యాయమన్నది మచ్చుకైనా కనిపించదు. కనిపించనివ్వరు. సదనం పెట్టిన కొత్తలో ఎవరో పుణ్యాత్ముడు ఒక పిల్లకి ఎర్ర రిబ్బను ఇచ్చి వెళ్ళాడట. అది చూసి ఇంకో పిల్ల ఏడ్చిందట. ఆ ఏడుపు తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి చెవిన పడింది. పాపం, మెత్తని మనసు. ఆ పిల్లకి ఇంకో రిబ్బను కొనిస్తే తీరిపోయేదానికి, ఆయన తిరిగి వెళ్ళి సమాన పంపిణీ నిబంధన రాశాడు. సదనంలో ఏ ఒక్కరికి ఏది సంక్రమించినా అందరికీ సమానంగా పంచాలి, పంచడం వీలుకాకపోతే స్టోరులో జమ చెయ్యాలి.

ఆనాటి నుంచి ఆ సదనంలో సమానత్వం ఏరులై పారుతోంది. ఒంటి సబ్బుని దారంతో ముక్కలు కోసి, అరచేతిలో అతుక్కునేంత పంచుతారు. ఒక పిల్లకి జ్వరమొస్తే పిల్లలందరూ వరసలో నిలబడి చేదు మాత్ర మింగుతారు. పుట్టినరోజులు తలో రోజు వస్తే ఒకరు ముందు, ఒకరు వెనక అవుతారని, బడి తెరిచే జూన్ పన్నెండున అందరినీ ఒకేసారి పుట్టించారు. ఊళ్ళో షావుకారు ఒకాయన తండ్రి జ్ఞాపకార్థం కొత్త సైకిలు ఇస్తే, దాన్ని విప్పి పంచారు. ఒకతెకి గంట, ఒకతెకి సీటు, ఇద్దరికి చెరో చక్రం. మన కథలో పిల్ల నూకరత్నానికి మడ్‌గార్డు వచ్చింది. వాన పడితే నెత్తిన పెట్టుకునేది.

నూకరత్నం ఆ సదనానికి బస్సులో వచ్చింది. అంటే ఎవరో తీసుకొచ్చి దింపారని కాదు. మూడేళ్ళ పిల్లప్పుడు, ఆఖరి ట్రిప్పు అయిపోయాక, వెనక సీటులో నిద్రపోతూ కనిపించిందట. కండక్టరు ఎత్తుకొచ్చి సదనంలో అప్పజెప్పాడు. పేరడిగితే నూకరత్నం అంది. ఊరడిగితే వేలితో ఎటో చూపించింది, అంతే. ఇప్పుడు పదేళ్ళు. ఆ ఇంటి గురించి గుర్తున్నది ఒక్కటే: వాకిట్లో నిలబడితే ఎదురుగా ఒక కొండ ఉండేది, ఎవరో పక్కనుంచి కొరికి వదిలేసినట్టు. సదనం గోడ మీంచి చూస్తే కొండలు బోలెడు కనిపిస్తాయి గానీ అన్నీ నిండు కొండలే. కొరికిన కొండ వాటి వెనకాల ఉండాలి. ఒక్కసారి చూడాలి. ఉంటే తనకి ఓ ఊరు ఉన్నట్టు, ఆ ఊళ్ళో తనవాళ్ళు ఉండొచ్చు. లేకపోతే లేదు. ఆ పిల్లకి ఉన్న కోరిక ఇంతే, దీనికి మించి ఒక్క బటాణీగింజ కూడా అడగలేదు.

ఒక సంతరోజు మేడమీద గౌన్లు ఆరేస్తోంది. ఒకే తానులో కోసిన గౌన్లు, ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. గాలికి ఒక గౌను దండెం మీంచి లేచిపోయింది. అయ్యో అని అందుకోవడానికి మునివేళ్ళ మీద నిలబడింది. గౌను అందింది. కిందికి చూసుకుంటే మునివేళ్ళు మేడమీద లేవు.

భయపడిందా అంటే, లేదు. పిల్లలు భయపడరు, మనమే పడతాం. "ఓహో, ఇలా కూడా లేవొచ్చన్నమాట" అనుకుని ఇంకాస్త లేచింది. పిట్టగోడ దాటింది, మునగచెట్టు దాటింది, పక్కింటి కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గరికి వెళ్ళింది. అక్కడినుంచి సంత కనిపించింది, గెడ్డలో పారే నీళ్ళు కనిపించాయి, మొదటి వరస కొండలు, వాటి వెనక రెండో వరస నీలంగా మొదలవుతూ కనిపించింది. ఇంకో ఇద్దరు మనుషులంత ఎత్తు లేస్తే చాలు.

అంతలో కింద ఆయా సన్యాసమ్మ చూడనే చూసింది.

"ఓలమ్మోలమ్మో! గుంట పైకెలిపోతంది! ఓలె రత్నం, దిగే! దిగకపోతే సెప్పేస్తాను మేడంగారికి!"

మేడంగారి పేరు చెవిన పడగానే సదనం పిల్లలు ఎక్కడున్నా దిగుతారు. నూకరత్నం దిగింది. కాని ఆలోపు సంతంతా చూసేసింది. వంకాయలు తూస్తున్నవాడు తూస్తున్నట్టే ఉండిపోయాడు. కొండ మీంచి చింతపండు తెచ్చిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుని, ఆ కబురు మూట కట్టుకుని తమ ఊళ్ళకి పోయారు.

సూపరింటెండెంటు హైమావతి గారు చెడ్డ మనిషి కాదు. పిల్లలంటే ప్రేమే. కాకపోతే ఆ ప్రేమని కూడా నిబంధన ప్రకారం సమంగా కోసి పెట్టడంతో ఒక్కొక్కరికీ కాస్తే వచ్చేది. సర్వీసులో రూలు తప్పి తుమ్మి కూడా ఎరగరు. సన్యాసమ్మ చెప్పింది విన్నాక ఆవిడ కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్ల ఎగిరినందుకు కాదు.

"నూకరత్నం, ఏమిటే ఇది? నీకొక్కదానికే ఎగరడం వచ్చిందా?"

"ఏమో మేడంగారూ, గౌను కోసం చెయ్యెత్తాను, లేచిపోయాను."

"బాగానే ఉంది. మరి మిగతావాళ్ళ సంగతేమిటి? వాళ్ళ మొహాలు ఒక్కసారి చూశావా?"

నూకరత్నం చూసింది. మిగతావాళ్ళ మొహాలు చాటంత అయి ఉన్నాయి. ఆమె పక్కమంచం పిల్ల పైడితల్లి, ఐదేళ్ళది, చప్పట్లు కొడుతూ ఎగరబోయి రెండుసార్లు కిందపడింది కూడా.

"నాకు ఎగరాలని లేదు మేడంగారూ. ఆ కొండల వెనక మా ఊరుందేమో చూసి దిగిపోతాను. ఒక్కసారే."

"ఒక్కసారైనా చూడటం చూడటమే. చూస్తే అందరూ చూడాలి, లేకపోతే ఎవ్వరూ చూడకూడదు. పైనుంచి ఉత్తర్వులు వచ్చేదాకా నీ ఎగురుడు పంచడానికి వీలుకాని వస్తువే."

పంచడానికి వీలుకాని వస్తువు ఎక్కడుండాలో నిబంధనలో స్పష్టంగా ఉంది. నూకరత్నాన్ని స్టోరులో జమ చేశారు. అక్కడ ఉల్లిపాయ బస్తాలు, కాళ్ళు విరిగిన మంచాలు, ఎవరో ఒక్కటే ఇచ్చినందువల్ల పంచడం కుదరని ఒక హార్మోనియం పెట్టె ఉన్నాయి. పిల్ల లేచిపోకుండా రెండు చేతులకీ రెండు నీళ్ళ బకెట్లు ఇచ్చారు. హైమావతి గారు రెండుసార్లు వచ్చి తలుపు సందులోంచి చూసి, కళ్ళు ఒత్తుకుని, రూలు గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

ఉత్తర్వులు రాలేదు. వాటికి బదులు జాయింట్ డైరెక్టరు భుజంగరావు గారే వచ్చారు. ఆయన మాట్లాడితే పక్కనున్నవాళ్ళు లేచి నిలబడాలనిపించేలా మాట్లాడతారు. ఇంట్లో ఉప్పు అడిగినా అలాగే అడుగుతారని ప్రతీతి. స్టోరులోంచి పిల్లని బయటికి రప్పించి, బకెట్లు దింపించి, ఒకసారి లేపించి చూశారు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని కొబ్బరిచెట్టు వైపు చాలాసేపు చూశారు.

"దిగవచ్చును," అన్నారు. ఆ పిల్ల ఇంకా రెండో వరస కొండలు అందుకోకముందే.

తర్వాత వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

"హైమావతి గారూ, ఇట్టి ఊర్ధ్వగమన సామర్థ్యమును సదరు బాలిక యొక్క సొంత మాయగా పరిగణించుటకు వీలులేదు. ప్రభుత్వ భోజనము భుజించుచున్న దేహమునుండి వెలువడిన మాయ ప్రభుత్వమునకే చెందును. కావున దీనిని సమముగా పంపిణీ చేయవలసియున్నది."

"చిత్తం సార్. ఎలా పంచమంటారు?"

భుజంగరావు గారు అటూ ఇటూ చూశారు. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆయన ఊహించలేదు. సన్యాసమ్మ నడుమున దోపుకున్న సబ్బు దారం ఆయన కంటపడింది.

"ఇంతవరకు సబ్బు ఏ పద్ధతిన పంచుచున్నారో అదే పద్ధతిన," అన్నారు.

పిల్లలందరినీ పెరట్లో వరసగా నిలబెట్టారు. మొత్తం పందొమ్మిది మంది. అందరి నడుములకీ కలిపి ఒకే దారం చుట్టారు. చివర నూకరత్నం. భుజంగరావు గారు ఉత్తర్వు చదవడం మొదలుపెట్టారు. ఇందుమూలముగా అన్నారు, తద్వారా అన్నారు, యావన్మందికీ అన్నారు. "తక్షణమే అమలులోకి వచ్చును" అనేసరికి, నమ్మండి, నమ్మకపోండి, పిల్లలందరూ ఒక్కసారి నేలమీంచి లేచారు. ఉత్తర్వు గొప్పతనమో, అడిగినదల్లా పంచుకోవడానికి అలవాటుపడిన ఆ పిల్ల మనసో, నేను చెప్పలేను. లేచారు. ఎంత? జానెడు. పిల్లలకి పాఠాలు చెప్పే లెక్కల మాస్టారు కొబ్బరిచెట్టు ఎత్తుని భాగించి చూసి ఇంకా ఎక్కువ రావాలే అన్నారు. దారంలో తరుగు పోయిందన్నారు భుజంగరావు గారు.

పెరడంతా కేకలు, నవ్వులు! జానెడు ఎత్తున పిల్లలు దాగుడుమూతలు ఆడారు. ఎండకి కాలే బండల మీద కాళ్ళు పెట్టక్కర్లేకపోయింది. పైడితల్లికి జన్మలో మొదటిసారి కుళాయి అందింది. తిప్పింది, ఆపింది, మళ్ళీ తిప్పింది. అది చూసి నూకరత్నానికి కూడా నవ్వొచ్చింది. దానికి పంచుకోవడం బాధ కాదు. బాధల్లా జానెడు ఎత్తునుంచి సదనం గోడ తప్ప ఏమీ కనిపించకపోవడమే. మేడెక్కి లేచి చూసింది. మొదటి వరస కొండలే అడ్డు.

పిల్లలే ఉపాయం చెప్పారు. "మా జానెళ్ళు నీకిచ్చేస్తామే, చూసొచ్చి ఇచ్చెయ్యి." పైడితల్లి అయితే తన జానెడు అప్పటికప్పుడు ఇచ్చేయబోయింది. నూకరత్నం గబగబా వెళ్ళి, కారెక్కబోతున్న భుజంగరావు గారికి చేతులు కట్టుకుని విన్నవించుకుంది.

"అప్పు అను పదము నిబంధనలో లేదమ్మా," అన్నారాయన, ఎంతో ప్రేమగా.

ఇంతటితో ఆగితే జానెడైనా మిగిలేది. మర్నాడే వాచ్‌మన్, వంటవాళ్ళు, తోటమాలి గేటు ముందు కూర్చున్నారు. "పిల్లలు ఎగిరితే మేమేటి నేలమీద పాకాలా? మేం మనుషులం కాదా?" అని నినాదాలు. భుజంగరావు గారు వాళ్ళ కోర్కెను సానుభూతితో పరిశీలించారు. ఆ సానుభూతిలో ఆయన శ్రీమతి గారి మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయని గిట్టనివాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నిబంధనలో "సదనంలో ఏ ఒక్కరికి" అని ఉన్నచోట "శాఖలో ఏ ఒక్కరికి" అని సవరించి, "శాఖ అనగా సిబ్బంది, అధికారులు, వారి కుటుంబసభ్యులు" అని చేర్చారు. దారం సదనం గేటు దాటి జిల్లా ఆఫీసుకి, అక్కడినుంచి అధికారుల ఇళ్ళకి పాకింది. జానెడు కాస్తా బెత్తెడయింది, బెత్తెడు వేలెడయింది. శ్రీమతి భుజంగరావు గారు మెట్లెక్కుతూ వేలెడు లేచి, చీర కుచ్చెళ్ళు నేలకి తగలడం లేదని మురిసిపోయారు.

ఆ సంగతి రాజధానికి తెలిసింది. అక్కడివాళ్ళు ఊరుకుంటారా? ఒక శాఖకి మాయ ఉండి మిగతా శాఖలకి లేకపోవడం ఏం సమానత్వం? ఏ ఒక్క పౌరుడూ నేలమీద మిగలకూడదన్నారు. మిల్లుల నుంచి దారం కండెలు లారీల్లో బయలుదేరాయి. ప్రతి ఊళ్ళోనూ బాజాలు, పందిళ్ళు, దారం కట్టుకునే ముహూర్తం. పెళ్ళిళ్ళు వాయిదా వేసుకున్నారు. ముహూర్తానికి జనమందరూ నడుముకి దారం చుట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి కాళ్ళకేసి చూసుకున్నారు. ఏమీ తేడా లేదు.

"తేడా ఉన్నది," అని ప్రకటించారు భుజంగరావు గారు. "కంటికి ఆననంత సమముగా పంపిణీ జరిగినది. నేటితో ఈ రాష్ట్రమున నేలమీద నిలబడిన మనిషి ఒక్కడును లేడు."

చప్పట్లు మారుమోగాయి. తనిఖీ బృందాలు ఊరూరా తిరిగి, జనం పాదాల కింద తమలపాకు దూర్చి చూసి, దూరకపోతే ఆకుదే లోపమని రాసుకున్నాయి. భుజంగరావు గారికి శాలువా కప్పారు. కప్పేటప్పుడు ఆయన కాస్త పైకి లేచినట్టు నాకూ అనిపించింది గాని, అది మడమలు ఎత్తడం.

నూకరత్నం సదనం మేడమీద నిలబడి చెయ్యి ఎత్తింది. మునివేళ్ళ మీద లేచింది. ఇంకా లేవబోయింది. మునివేళ్ళు బండకి అతుక్కునే ఉన్నాయి. కొండలు ఎప్పటిలాగే నిండుగా అడ్డంగా కూర్చున్నాయి. ఆ పిల్ల పిట్టగోడ పట్టుకుని ఏడ్చింది. ఏడుపు కూడా పంచాలంటారేమోనని నోట్లో గౌను అంచు కుక్కుకుని ఏడ్చింది. వెతుక్కుంటూ వచ్చిన పైడితల్లి ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది.

కొన్నాళ్ళకి సదనం గేటు దగ్గర ఒక ముసలమ్మ నిలబడింది. చేతిలో కర్ర, మోకాళ్ళదాకా దుమ్ము, చంకలో చిన్న మూట. వాచ్‌మన్ ఎవరు కావాలంటే, "ఎగిరిన గుంట కావాల" అంది.

హైమావతి గారు లోపలికి పిలిపించి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ముసలమ్మ నీళ్ళు తాగి, చెప్పింది.

"నా పేరు ఎర్నమ్మ తల్లీ. కొండకవతల జీడివలస. నా కూతురు మా ఇంటికాడే పోనాది, దాని పిల్లని తీసుకుని ఓసారి బస్సులో ఎల్తన్నాను. పిల్ల నిద్దరోతంది, నెగిసేసరికి నీళ్ళుండాలని సెంబట్టుకుని దిగినాను. నాను తిరిగొచ్చేతలికి బస్సు నేదు. ఏ బస్సని ఎతికేది? ఎన్ని ఊర్లు తిరిగినాననుకున్నావు?"

"మరి ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడుందని ఎలా తెలిసింది?"

"మా ఇంట ఆడగుంటలకి పదేళ్ళొస్తే కాళ్ళు బూమ్మీద ఆగవు. మా యమ్మ ఎగిరింది, నాను ఎగిరినాను, నా కూతురు ఎగిరింది. పెళ్ళై నీళ్ళబిందె నెత్తికెక్కితే అదే దిగిపోతాది. సంతకొచ్చినోళ్ళు సదనంలో గుంట ఎగిరిందని సెప్పుకుంటంటే నాకు తెలిసిపోనాది. ఎగిరిందంటే అది నా మనవరాలే. ఎవులైనా కాదంటే ఆల్నే ఎగరమను!"

నూకరత్నాన్ని పిలిచారు. ముసలమ్మ పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తడిమి, తన కణతలకి వేళ్ళు నొక్కుకుని మెటికలు విరిచింది. ఆ చప్పుడు వినగానే నూకరత్నం లోపల ఏదో కదిలింది. అది ఎక్కడ విన్నదో తెలియదు, విన్నదని మాత్రం తెలుసు. అయినా అడగాల్సింది అడిగింది.

"మన ఇంటి ముందర కొరికేసినట్టుండే కొండ ఉంటదా?"

"ఉంటదే అమ్మా! అది రాయి కొట్టే కాంట్రాక్టరోళ్ళు కొరికేసినారు. అప్పుడు పక్కనే కొరికినారు, ఇప్పుడు సగం తినీసినారు. పద, పూర్తిగా తినీకముందే సూద్దువు గాని."

నూకరత్నం "అమ్మమ్మా!" అని ఒక్క గెంతు గెంతి ఆ ముసలి నడుము కావిలించుకుంది. సన్యాసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. హైమావతి గారి కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. తిరిగాయి గాని, రూలు రూలే. ఆవిడ కళ్ళు తుడుచుకుని భుజంగరావు గారికి ఫోను చేశారు.

ఆయన శాలువాతోనే దిగారు. విషయమంతా విని తల పంకించారు.

"అమ్మమ్మ అనునది ఒక్కరికి మాత్రమే సంక్రమించినది. కావున ఆమెను సమముగా పంపిణీ చేయవలసియున్నది. వీలుకానిచో స్టోరున జమచేయవలెను."

"స్టోరేటి బాబూ?" అంది ఎర్నమ్మ.

"ఉల్లిపాయల గది," అని చెప్పింది పైడితల్లి.

"పైగా నిబంధన ఇప్పుడు రాష్ట్రమంతటికీ వర్తించును," అని కొనసాగించారు భుజంగరావు గారు. "కావున ఈమెపై యావత్ ప్రజానీకమునకు హక్కు గలదు."

లెక్కల మాస్టారు ముసలమ్మ తల వైపు చూసి, "తలో వెంట్రుకా ఇచ్చినా చాలవు సార్," అని పెదవి విరిచారు. భుజంగరావు గారు సన్యాసమ్మని దారం తెమ్మన్నారు. ఆవిడ కదల్లేదు.

అప్పుడు నూకరత్నం అరిచింది. ఏడేళ్ళలో ఆ పిల్ల గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు.

"సబ్బు కోసేరు, ఊరుకున్నాను! సైకిలు విప్పేసేరు, ఊరుకున్నాను! ఎగరడం కూడా పంచేసేరు, ఊరుకున్నాను! మా అమ్మమ్మని ముట్టుకుంటే ఊరుకోను! ఈవిడ నాదే. నా ఒక్కదానిదే. ఎవ్వరికీ ఇవ్వను!"

నా ఒక్కదానిదే అన్న మాట ఆ ఆవరణలో అంతకుముందు ఎవరూ అనలేదు. భుజంగరావు గారి మొహం జేవురించింది. "స్వార్థము! శుద్ధ స్వార్థము!" అన్నారు. "హైమావతి గారూ, నిబంధనను అక్షరము పొల్లుపోకుండా అమలుచేయుడు."

"చిత్తం సార్," అన్నారు హైమావతి గారు. కళ్ళజోడు పెట్టుకుని, నిబంధన కాగితం మీద వేలు పెట్టి చదువుకుంటూ, ఎంతో వినయంగా అడిగారు. వెటకారం ఆవిడ ఒంట్లోనే లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. "తమ అమ్మగారిని ఎప్పుడు పంపిస్తారు సార్?"

"ఏ అమ్మగారిని?"

"తమ అమ్మగారినే సార్. శాఖ అంటే అధికారులు కూడా అని తమరే చేర్చారు కదా. అమ్మ అన్నది కూడా తమరొక్కరికే సంక్రమించింది. ఇక్కడ ఇంతమందికి అమ్మ లేదు. మంచం వేయించి ఉంచుతాను. ఆవిడకి పథ్యం ఏమైనా ఉందా సార్?"

భుజంగరావు గారు శాలువా సర్దుకున్నారు.

"శ్రీమతి గారిని కూడా పంచాలి గాని, ఆడపిల్లల సదనం కదా, ఏ పద్ధతిన పంచాలో తమరే సెలవివ్వాలి. ఇకపోతే ఇల్లు. తమది మూడంతస్తుల మేడ అని విన్నాను. గదులు ఎప్పుడు చూసుకోమంటారు? పిల్లల్ని వరసలో తీసుకొస్తాను."

"ఆ మేడ నాది కాదు!" అని గబుక్కున అన్నారాయన. "మా బావమరిదిది!"

"అయితే బావమరిది గారు కూడా కుటుంబసభ్యులే కదా సార్," అన్నారు హైమావతి గారు, ఆ మాట కూడా కాగితంలో వేలితో వెతుకుతూ. "ఆయన తమ బావమరిది అని రుజువు ఒకటి తెప్పిస్తే, విచారణ జరిపించి..."

విచారణ అనే మాటకి భుజంగరావు గారి శాలువా జారిపోయింది. అప్పటికప్పుడు, అక్కడికక్కడే, నిలబడే చెప్పి రాయించారు. బంధువులు, బాంధవ్యాలు, బంధువుల పేరిటనున్న సమస్తమూ సమాన పంపిణీ నిబంధన పరిధిలోకి రావు. ఎవరికెవరు ఏమవుతారన్నది సదరు వ్యక్తుల నోటిమాటనుబట్టే నిర్ధారించాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎట్టి విచారణా జరపరాదు. బంధువు వచ్చి అడిగిన పిల్లను ఆ క్షణమే అప్పగించాలి. సంతకం పెట్టి, చెమట తుడుచుకున్నారు.

"ఇంక తీసుకొని పొమ్ము," అన్నారు ఎర్నమ్మతో.

నూకరత్నానికి సర్దుకోవడానికేముంది? ఒంటిమీది గౌను చాలు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని గేటు దాకా పరిగెత్తినట్టే నడిచింది. అడుగు బయటపెట్టింది. కొండలు ఎదురుగానే ఉన్నాయి, దారి కనిపిస్తోంది, నడిస్తే సాయంత్రానికి ఇల్లు.

వెనక్కి చూడకూడదనుకుంది. చూసింది. పిల్లలందరూ గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడిస్తే అందరూ ఏడవాలని వాళ్ళకి తెలుసు. పైడితల్లి మాత్రం చెయ్యి ఊపబోయి మధ్యలో మరిచిపోయి అలాగే ఉండిపోయింది.

ఇందాకటి అరుపు నూకరత్నం చెవుల్లోనే ఉంది. నాదే, ఎవ్వరికీ ఇవ్వను. అన్న మాట నిజమే, ఇప్పుడూ నిజమే, ఎవడో దారం పట్టుకుని వచ్చి కోసి తీసుకుంటానంటే చచ్చినా ఇవ్వదు. కాని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఏ రూలూ లేదు. ఆ పిల్ల అక్కడే నిలబడి, అమ్మమ్మ మొహంలోకి చూసింది. ముసలమ్మ కూడా ఊచల వైపే చూస్తోంది.

నూకరత్నం వెనక్కి వెళ్ళి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి, పైడితల్లి చెయ్యి పట్టుకుంది.

"సార్, ఇది మా చెల్లి."

కారు తలుపు తీస్తున్న భుజంగరావు గారు ఆగిపోయారు. "ఏమి? దీని పేరున ఇంతవరకు..."

"విచారణ చెయ్యకూడదు సార్," అని గుర్తుచేశారు హైమావతి గారు. ఈసారి ఆవిడ గొంతులో ఏదో తేడా ఉంది. ఆవిడ మొహం చూస్తే ఎప్పటిలాగే ఉంది.

"ఏమమ్మా," అని ముసలమ్మ మీద గద్దించారు భుజంగరావు గారు, "ఇది నీ మనవరాలా?"

"అవును బాబూ. నా మనవరాలే. సిన్నది."

వాచ్‌మన్ గేటు తీశాడు. పైడితల్లి బయటికొచ్చి ముసలమ్మ చీర చెంగు పట్టుకుంది. ఆ వెనకాల సైకిలు గంట వచ్చిన పిల్ల నిలబడి ఉంది. నూకరత్నం దాని వైపు చూసి, "ఇదీ మా చెల్లే సార్," అంది. ముసలమ్మ అవునంది. దాని వెనక కాస్త పొడుగుపిల్ల. "ఇది మా అక్క." ముసలమ్మ అవునంది. దాని వెనక ఇంకొకతె అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

భుజంగరావు గారికి తల తిరిగిపోయింది. చేతిలో తన సంతకంతో ఉన్న ఉత్తర్వు, సిరా తడి కూడా ఆరలేదు.

"ముసలమ్మా! అసలు నీకు మనవరాళ్ళు ఎందరు?"

ఎర్నమ్మ గేటు వైపు మెడ సాచి చూసింది.

"లోపల ఇంకా ఎందరున్నారు బాబూ?"